సెలవు కబుర్లు: శాలిబండ అమ్మాయికి ఒక శుక్రవారం

పరీక్షలు అయిపోయినవి, పుస్తకాలు అటక ఎక్కినవి. ఇక మీ అల్లరి పడలేక మీ అమ్మలు నన్ను తిట్టుకునే రోజులు వచ్చినవన్నమాట.

కిందటి నెల ఈ పేజీలో మిమ్మల్ని ఒక మాట అడిగాను. హైదరాబాదు పాతబస్తీలో ఉండే పిల్లలు వేసవిలో శని, ఆదివారాలు ఎక్కడెక్కడికి వెళతారు, తెలియనివాళ్ళకు ఏం సలహా చెబుతారు అని. మొగల్‌పురా, గౌలిపురా, హుస్సేనీఆలం, అలియాబాదు, లాల్‌దర్వాజా, ఒకచోటని కాదు, అన్ని వైపులనుంచీ ఉత్తరాలు వచ్చినవి. కొన్నిటిలో అక్షరాలకంటె బొమ్మలే ఎక్కువ. ఒక బుడతడు ఏనుగు బొమ్మ గీసి, అది చదివేవాళ్ళకు ఏనుగని తెలియదేమోనని కింద ‘ఏనుగు’ అని కూడా రాశాడు!

అన్నిటికంటె పైన పెట్టిన ఉత్తరం మాత్రం శాలిబండనుంచి ఏడో తరగతి అమ్మాయి రాసింది. అందులో సలహా లేదు. ప్రశ్న ఉన్నది.

“మామయ్యా, అందరూ శని, ఆదివారాలంటారు. మా అబ్బా లక్క గాజుల కార్ఖానాలో పని చేస్తారు. వారికి ఆదివారం సెలవు లేదు, శుక్రవారమే సెలవు. కిందటేడు మ్యూజియం చూపిస్తామని తమ్ముణ్ణీ నన్నూ నడిపించుకుపోయారు. గేటు మూసి ఉన్నది. శుక్రవారం తీయరట. ఎండలో తిరిగి వచ్చేసరికి తమ్ముడికి వాంతులు, జ్వరం. ఈ ఏడు ఎక్కడికీ తీసుకుపోనని అబ్బా ఖండితంగా చెప్పేశారు. శుక్రవారంనాడు మాకు ఏమీ లేదా?”

చూశారూ! మనం ‘సెలవు’ అని ఒక్క మాట అంటాం గాని, అందరి సెలవూ ఒకే రోజున రాదు. లాడ్ బజారులో ఆ గాజులు కొనుక్కునేవాళ్ళకు ఆదివారం సెలవు గనుకనే, అవి తయారుచేసేవాళ్ళకు, అమ్మేవాళ్ళకు ఆ రోజున చేతినిండా పని. ఆ గాజులు మామూలువి కావు సుమా! హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దొరికింది. కరిగించిన లక్కను వేడిమీదనే వలయంగా చుట్టి, అది చల్లారేలోగా ఒక్కొక్క రాయినీ అద్దాలి. మే నెలలో బొగ్గుల కుంపటి పక్కన కూర్చుని ఆ పని చేసే తండ్రికి వారానికి ఒక్క రోజు దొరుకుతుంది. ఆ రోజును వ్యర్థం చేసే సలహా మనం చెప్పకూడదు.

కాబట్టి మీ ఉత్తరాలన్నీ ఆ అమ్మాయి కళ్ళతో చదివాను. ‘ఎక్కడికి’ అన్నది అందరూ రాశారు. ‘ఎప్పుడు’ అన్నది కొద్దిమందే రాశారు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ముందు మూసి ఉండే చోట్లు చెప్పుకుందాం. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, ఈ మూడింటికీ శుక్రవారం సెలవు. జంతుప్రదర్శనశాలకు సోమవారం సెలవు. చార్మినారుకు సెలవు లేదు. పదిహేనేళ్ళలోపు పిల్లలకు అక్కడ టిక్కెట్టు కూడా లేదు. ఇది మీ ఇంటి గోడమీద రాసిపెట్టుకోండి. (గోడమీద రాస్తే అమ్మ ఏమంటుందో నాకు తెలియదు. క్యాలెండరు వెనక రాసుకుంటే మేలు.)

ఆదివారం సెలవున్నవాళ్ళకు మొగల్‌పురా అబ్బాయి చెప్పిన కిటుకు నాకు బాగా నచ్చింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పాట గడియారం ఉన్నది. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారి దుకాణంనుంచి వచ్చినది. గంట కొట్టటానికి మూడు నిమిషాల ముందు అందులో చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు మనిషి ఒకడు బయటికి వస్తాడు. ఎన్ని గంటలైతే అన్నిసార్లు కంచు పళ్ళెం మీద కొట్టి మళ్ళీ లోపలికి పోతాడు. ఇంకొక బొమ్మ కమ్మరివాడు, సెకనుకొక దెబ్బ వేస్తూనే ఉంటాడు, వాడికి ఏ వారమూ సెలవు లేదు! ఆ అబ్బాయి ఏమని రాశాడంటే: “మామయ్యా, మేము ఒంటిగంటకు పోయాము. జనంలో తోసుకుని ముందుకు పోయి నిలుచుంటే ఆయన ఒక్క దెబ్బ కొట్టి లోపలికి పోయాడు. మీరు మాత్రం 12 గంటలకు పొండి. 12 దెబ్బలు వినవచ్చు.”

చూడండి, అదే గడియారం, అదే బొమ్మ. ఒక్క గంట తేడాతో పదకొండు దెబ్బలు నష్టం!

గౌలిపురా అక్కాతమ్ముళ్ళు ఆదివారం పొద్దున్నే నయాపూల్ వంతెన దాటి ఆబిడ్స్‌కు వెళతారట. ఆదివారం అక్కడి దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. ఆ మూసిన తలుపుల ముందు, కాలిబాటమీద, పాత పుస్తకాలవాళ్ళు పుస్తకాలు పరుస్తారు. పిల్లల బొమ్మల పుస్తకాలు, దేశపటాలు, ఎవరో చిన్నప్పుడు పేరు రాసుకున్న కథల పుస్తకాలు అన్నీ దొరుకుతాయి. “పది గంటలలోపల పోతే గోడ నీడ ఉంటుంది, పుస్తకాలు తీరుబడిగా చూడవచ్చు” అని అక్క రాసింది. “ఎండ పోయాక పోతే బేరం బాగా కుదురుతుంది” అని తమ్ముడు కింద చేర్చాడు. ఇద్దరిదీ నిజమే. ఎవరికి ఏది కావాలో వారు తేల్చుకోవాలి.

అలియాబాదు అబ్బాయి ఉత్తరం చదివి నాకు నవ్వూ వచ్చింది, జాలీ కలిగింది. వాళ్ళ అన్న “వేసవి రాత్రులు చార్మినారు దగ్గర తెల్లవార్లూ బజారు ఉంటుంది, దీపాలు, సేమ్యాలు, అత్తరు, గాజులు, అబ్బో!” అని చెప్పాడట. వీడు కిందటేడు మే నెలలో పెద్దవాళ్ళను పీడించి తీసుకుపోయాడు. రాత్రి పదకొండయేసరికి దుకాణాలు సర్దేస్తున్నారు. “మా అన్న అబద్ధాలకోరు మామయ్యా!” అని ఫిర్యాదు.

మీ అన్న అబద్ధం చెప్పలేదు, బాబూ. అన్న చూసింది రంజాను బజారు. 2018లోనూ, 2019లోనూ రంజాను నెల మేలోనే మొదలైంది. ఆ నెల చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టేది. నెలవంకనుంచి నెలవంకకు 29 రోజులు గాని, 30 రోజులు గాని. అలాంటివి పన్నెండు కలిపితే ఏడాదికి 354 లేక 355 రోజులే అవుతాయి. మన ఇంగ్లీషు క్యాలెండరుకు 365. అందుచేత రంజాను ఏటేటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో మార్చి మొదట్లోకి వచ్చేసింది. అలా చలికాలమూ, వానాకాలమూ అంతా చుట్టి మళ్ళీ మే నెలకు రావటానికి 2050 ప్రాంతం దాకా పడుతుంది. అప్పటికి నువ్వు మీ పిల్లల్ని తీసుకుపోవచ్చు.

“మరి మా లాల్‌దర్వాజా బోనాలు అలా జరిగిపోవేం? అవీ చంద్రుడి లెక్కే గదా?” అని ఇంకొకరు అడగనే అడుగుతారు. బోనాలు ఆషాఢంలో వస్తాయి, లాల్‌దర్వాజా సింహవాహిని గుడిలో ఆదివారంనాడు జరుగుతాయి. ఆషాఢం కూడా చంద్రుడి నెలే. కాని మన పంచాంగం వాళ్ళు ఇంచుమించు మూడేళ్ళకొకసారి ఒక నెల అదనంగా వేస్తారు. దానినే అధికమాసం అంటారు. వెనకబడిన రోజులన్నీ ఆ దెబ్బతో సరిపోతాయి. అందుకని బోనాలు ఎప్పుడూ వానలు పడేవేళకే వస్తాయి, వేసవి సెలవుల్లో రావు. ఇక మృగశిర కార్తె ఉన్నదే, అది సూర్యుడి లెక్క. ఏటా జూన్ 7, 8 తేదీలకే వస్తుంది. ఆ రోజున ఊళ్ళో చేపలు కొనేవాళ్ళ రద్దీ ఇంతా అంతా కాదు. ఉబ్బసానికని దూద్‌బౌలిలో ఇచ్చే చేప ప్రసాదం తర్వాత నాంపల్లి ఎగ్జిబిషను మైదానానికి మారింది. తల్లిదండ్రులకు ఒక మాట: ఆ ప్రసాదం ఉబ్బసాన్ని నయం చేస్తుందని వైద్యులు ఒప్పుకోవటం లేదు. ఎవరి నమ్మకం వారిది గాని, డాక్టరు రాసిన మందును మాత్రం ఒక్క పూట కూడా మానిపించవద్దు.

సరే, శాలిబండ అమ్మాయి సంగతి మరిచిపోయామనుకున్నారా? లేదు. హుస్సేనీఆలంనుంచి ఆరో తరగతి పాప ఆమె కోసమే రాసినట్టు రాసింది: “మేము శుక్రవారం పొద్దున్నే జూకు పోతాము. గేటు తీసే వేళకు పోతే పులి తిరుగుతూ ఉంటుంది. మధ్యాహ్నం పోతే నిద్ర పోతుంది.”

బహదూర్‌పురాలోని నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963 అక్టోబరులో తెరిచారు. 380 ఎకరాలు. చెట్లున్నవి గనుక చాలా దూరం నీడలోనే నడవవచ్చు. వేసవిలో అక్కడి జంతువులకు నీళ్ళు చల్లుతారు, చల్లగాలి యంత్రాలు పెడతారు. ఏనుగు దగ్గర కొంచెంసేపు ఆగి దాని చెవుల్ని చూడండి. ఊరికే ఊపుతున్నదనుకుంటాం. ఏనుగుకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పల్చని ఆ చెవుల్లో రక్తనాళాలు వలలాగా అల్లుకుని ఉంటాయి. విసిరినప్పుడల్లా వాటిలో నెత్తురు చల్లబడి ఒంట్లోకి పోతుంది. విసనకర్రను తలకే తగిలించుకుని పుట్టిందన్నమాట! పక్కనే మీరాలం చెరువు ఉన్నది. దాని కట్ట తిన్నగా ఉండదు. 21 అర్ధచంద్రాలు వరసగా నిలబెట్టినట్టుంటుంది. ఒక్కొక్క చంద్రం కడుపు నీటివైపుకు. నీరు ఎంత నెట్టితే రాళ్ళు ఒకదానినొకటి అంత గట్టిగా అదుముకుంటాయి. రాతికి అదిమితే బలం, లాగితే బలహీనం. ఆ కిటుకు తెలిసి కట్టారు గనుకనే రెండువందల ఏళ్ళ పైబడి నీటిని మోస్తున్నది.

పదకొండు గంటలకల్లా ఇంటికి వచ్చేయండి. ఎందుకంటారా? మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు గాని, గాలి అన్నిటికంటె వేడెక్కేది సాయంత్రం మూడు గంటల ప్రాంతంలో. పొయ్యిమీద పెనం పెట్టగానే కాలదు గదా! నేల మధ్యాహ్నం దాటినా ఇంకా వేడిని తీసుకుంటూనే ఉంటుంది. తీసుకునేది, విడిచేది సమానమయేసరికి మూడవుతుంది. చార్మినారు చుట్టూ పరిచిన రాళ్ళయితే పొద్దు గూకినా అరికాళ్ళను చురుక్కుమనిపిస్తాయి. శాలిబండ అమ్మాయి తమ్ముడికి జ్వరం తెచ్చింది మ్యూజియం గేటు కాదు, తిరిగివచ్చిన వేళ. పెద్దవారు గమనించాలి. పిల్లవాడు తల తిరుగుతున్నదన్నా, వాంతి చేసుకున్నా వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, తెలివిగా ఉంటే ఉప్పు కలిపిన పల్చటి మజ్జిగ కొద్దికొద్దిగా పట్టండి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే ఇక ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇదంతా ఒక ఎత్తు, శాలిబండ అమ్మాయికని నేను దాచి ఉంచినది ఒక ఎత్తు. దీనికి టిక్కెట్టు లేదు. ఎక్కడికీ పోనక్కరలేదు. మీ డాబామీదనే జరుగుతుంది. ఏడాదికి రెండుసార్లే!

ప్రతి ఏటా మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు, హైదరాబాదులో నిటారుగా ఉన్న దేనికీ పక్కకు నీడ పడదు. కర్రను నిలబెడితే దాని నీడ దాని అడుగుకే దిగిపోతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిమీద ఉంటాడు. రోజూ మధ్యాహ్నం అంతే గదా అనుకోకండి. డిసెంబరు 22న అదే వేళకు అడుగు స్కేలు నిలబెడితే 26 సెంటీమీటర్ల నీడ పడుతుంది! అసలు ఢిల్లీలోనూ కాశీలోనూ ఉండే పిల్లలకు ఈ వింత ఏనాటికీ చూడరాదు, ఎందుకంటే సూర్యుడు అంత ఉత్తరానికి ఎన్నడూ పోడు. కర్కటరేఖ దగ్గరనే వెనక్కు తిరుగుతాడు. మన హైదరాబాదు దానికి దక్షిణాన ఉండటం మన అదృష్టం.

మరి 12 కొట్టినప్పుడు కాక, 12 నిమిషాలు ఆలస్యమెందుకు? తప్పు సూర్యుడిదీ కాదు, గడియారానిదీ కాదు. దేశమంతటికీ ఒకటే టైము ఉండాలని కాకినాడకు దగ్గరగా పోయే ఒక రేఖ మీది సూర్యుణ్ణి చూసి మన గడియారాలు దిద్దుతారు. ఆ రేఖ 82½ డిగ్రీలు. చార్మినారు దానికి నాలుగు డిగ్రీలు పడమరగా ఉన్నది. భూమి ఒక్క డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు. నాలుగు నాలుగుల పదహారు. మరి 16 కావాలి గదా, 12 ఎలా అయిందంటారా? భేష్, లెక్క బాగా పట్టుకున్నారు! భూమి తిరిగే దారి సరిగ్గా గుండ్రం కాదు, దాని ఇరుసు కూడా వాలి ఉన్నది. అందుచేత సూర్యుడు ఏడాదిలో కొన్నాళ్ళు గడియారంకంటె ముందు, కొన్నాళ్ళు వెనక నడుస్తాడు. మే నెలలో మూడున్నర నిమిషాలు ముందున్నాడు. పదహారులో అది తీసేయండి.

ఈ వేళ మీ ఇంట్లో పెద్దలకు తెలియనిది కాదు. నడిమింటినుంచి పొద్దు వాలటాన్ని ‘జవాల్’ అంటారు, అది దాటాకనే మధ్యాహ్నపు నమాజు వేళ మొదలవుతుంది. అబ్బాను అడిగి చూడమ్మా, ఆ నిమిషం ఏదో నాకంటె బాగా చెబుతారు. డాబామీద నీడ చూసుకుని జుమా నమాజుకు వెళ్ళటానికి కూడా వ్యవధి ఉంటుంది.

“మే 9 శుక్రవారం కాకపోతేనో?” అంటావు. అక్కడే ఉన్నది తమాషా! సూర్యుడు ఆ రోజుల్లో రోజుకు పావు డిగ్రీకి కొంచెం ఎక్కువ మాత్రమే ఉత్తరానికి జరుగుతాడు. మూడు రోజులు ఇటూ అటూ అయినా అడుగు స్కేలు నీడ అర సెంటీమీటరు దాటదు. మే 6నుంచి 12 దాకా లెక్కపెట్టు. ఏడు రోజులు. ఆ ఏడింటిలో ఒకటి శుక్రవారమై తీరాలి. ఆదివారమూ ఉంటుంది, గౌలిపురా వాళ్ళకు.

చూసే పద్ధతి: దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీసి, స్కేలు దానితో సమంగా నిటారుగా ఉన్నదో లేదో చూసుకోవాలి. కింద తెల్లకాగితం పరచండి. 12కు మొదలుపెట్టి రెండేసి నిమిషాలకొకసారి నీడ కొసన పెన్సిలు చుక్క పెట్టండి. తలకు గుడ్డ, కాళ్ళకు చెప్పులు, పక్కన నీళ్ళు ఉండాలి. నీడను చూడండి గాని, సూర్యుణ్ణి తలెత్తి చూడవద్దు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నా సరే, చూడవద్దు, కంటికి కలిగిన చేటు తిరిగి బాగుపడదు. 12 గంటల 20కల్లా కిందికి దిగిపోవాలి.

ఇంకొక వింత ఉన్నది. ఆ రోజు దాటాక సూర్యుడు మనకు ఉత్తరానికి పోతాడు. అప్పుడు మధ్యాహ్నపు నీడ ఎటు పడుతుంది? దక్షిణానికి! చార్మినారు నాలుగు ముఖాలూ నాలుగు దిక్కులకు ఉన్నవి గదా. ఏడాదిలో తొమ్మిది నెలలు దాని మధ్యాహ్నపు నీడ గుల్జార్‌హౌజ్ వైపుకే పడుతుంది. మే రెండోవారంనుంచి ఆగస్టు మొదటివారం దాకా మాత్రం కొద్ది గజాలు ఇటు తిరిగి, శాలిబండ వైపుకు పడుతుంది.

మబ్బు పట్టి మే నెలలో చూడలేకపోయినవాళ్ళు నన్ను తిట్టవద్దు. ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు మళ్ళీ మన నెత్తిమీదుగానే దక్షిణానికి పోతాడు. అప్పటికి సూర్యుడు గడియారంకంటె ఆరు నిమిషాలు వెనకబడి ఉంటాడు. మరి ఆనాడు నీడ మాయమయే వేళ ఎంత? లెక్క వేసి కార్డుమీద రాసి పంపండి. చుక్కలు పెట్టిన కాగితాలు కూడా మడిచి పంపవచ్చు. వాటిలో శాలిబండనుంచి వచ్చేది ముందు విప్పుతాను.

— మీ మామయ్య